కందెన

మైనస్ ఇరవై రెండు.
మినోట్‌కి ఉత్తరాన, హాల్వర్ ట్వైట్ షెడ్డులో
కిరోసిన్ పొయ్యి ఒక్కటే మాట్లాడుతోంది.
"గొట్టంలోకి చూడు, పెట్రా" అన్నాడు.

చూశాను.
నిన్న నేను కాల్చిన ఇరవై తూటాలూ
పోతూ పోతూ తమ చర్మం అక్కడే ఒలిచిపెట్టి పోయాయి.
ఉక్కు మెలికల వెంట బూడిద చారలు,
పాలు అడుగంటిన గిన్నెలా.

"కందెన లేని ఇరుసు అరుస్తుంది.
కందెన లేని తూటా అరవదు,
ఊరికే అరిగిపోతుంది."
రాగి బ్రష్షు నా చేతికిచ్చి
తను కాఫీ పోసుకున్నాడు.
తిట్టలేదు. అదే తిట్టు.

గంటన్నర తోమాను.
పేలికకి అంటుకుని వచ్చాయి రేకులు,
చేప పొలుసులంత.

అప్పుడు తీశాడు మైనం.
తన పెట్టెల్లోదే, ఆగస్టు పొద్దుతిరుగుడు చేలల్లో
తిరిగొచ్చిన ఈగలది.
దానికి కాస్త ఉన్నికొవ్వు,
పొరుగువాళ్ల గొర్రెల వాసనతో సహా.
కొలత అడిగితే వేలితో నొక్కి చూపించాడు:
"గోరు దిగాలి, వేలికి అంటకూడదు."
నోట్‌బుక్కులో రాసుకున్నాను.
ఆ పేజీ మీద జిడ్డు మరక. దీపానికి ఎత్తితే
ఇప్పటికీ అవతలి పేజీ కనిపిస్తుంది.

నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాం.
"మంట నేరుగా తగలనీకు, మైనానికి ముక్కుమీద కోపం."

తర్వాత ఒక కేకు పళ్లెం.
అడుగున టేపు మీద, సగం చెరిగిన అక్షరాలు:
ఇంగర్డ్ ట్వైట్, చర్చి విందుకు.
"ఇక దీంట్లో కేకు ఎవరూ చెయ్యరు" అన్నాడు.
సీసం గురించే అన్నాడనుకున్నాను.

తూటాల్ని నిలబెట్టాను
ఆదివారం బెంచీల మీద ముసలాళ్లలా,
ఒకరి భుజం ఒకరికి తగలకుండా.
పోశాను, పై గాడి మునిగేదాకా.
ముక్కులు మాత్రం ఊపిరి తీసుకుంటున్నట్టు పైకి.
కిటికీ గట్టు మీద చల్లారాక
కోసిన ఇత్తడి గొట్టంతో ఒక్కొక్కటే నొక్కి తీశాను.
గాడికొక పసుపు ఉంగరం.
అడుగులు తుడిచాను, జిడ్డు మందుకి తగలకుండా.

పళ్లెంలో మిగిలింది మైనపు బిళ్ల,
ఒంటినిండా చిల్లులు.
మంచు వెలుగులోకి ఎత్తి చూపించాను:
మళ్లీ తేనెపట్టు!
"ఈగలకి చెప్పకు" అన్నాడు.
చేతులు రెండుసార్లు కడిగించాడు, సబ్బుతో,
గోళ్ల సందుల్లో కూడా, చిన్నపిల్లకి కడిగించినట్టు.

మధ్యాహ్నం గడ్డివాము వెనక పది కాల్చాం.
కాగితం మీద నా చిల్లులు ఇంకా
తప్పిపోయిన కోళ్లలాగే ఉన్నాయి.
గొట్టం మాత్రం తేటగా, చివరిదాకా ఆకాశం.

గాలి లేదు. పొగ కదల్లేదు.
ఆర్పిన కొవ్వొత్తి వాసన,
దాని కింద ఎక్కడో తేనె.
హాల్వర్ టోపీ తీసి అందులోనే నిలబడ్డాడు
చెవులు ఎర్రబడేదాకా.

"ఎక్కువైంది" అన్నాడు చివరికి.
"రేపు కాస్త తగ్గిద్దాం."