పరిగె

చలికోట్ల గది నాది.
సభాభవనం కింద, మెట్లు దిగితే ఎడమచేతి వైపు.
నూట ఇరవై కొక్కేలు, నూట ఇరవై ఇత్తడి బిళ్ళలు.
ఇరవై రెండేళ్ళుగా ప్రపంచం నాకు
భుజాల దగ్గరే పరిచయం.

నవంబరు వాన. రోము నగరం చూరు కింద పిల్లిలా ముడుచుకుంది.
ఇవాళ కొత్త ప్రతినిధులకు స్వాగతం.
పైన జెండాలు ఇస్త్రీ మడతలతో నిలబడ్డాయి.
పేరుపలకల్లో ఒకదాని మీద అక్షరం తప్పు పడిందని
ఫుల్వియా పరుగులు పెడుతోంది.
మైకు గొంతు సవరించుకుంటోంది.

నా దగ్గరికి మాత్రం వాళ్ళు తడిసి వస్తారు.

నార్వే ఆయన కోటు ఎత్తితే పెంపుడు పొట్టేలంత బరువు.
బొలీవియా ఆవిడ శాలువాకి కట్టెపొగ వాసన ఇంకా వదల్లేదు.
సమోవా నుంచి వచ్చినామెకి కోటే లేదు.
చలికాలం ఎరగని దీవి, ఏం తెచ్చుకుంటుంది?
అయినా అందరితోపాటు వరుసలో నిలబడింది.
వట్టి చేతులు చాచింది.
ముప్పై నాలుగో బిళ్ళ ఇచ్చాను.
ఖాళీ కొక్కేన్ని ఆమె పేర ఉంచాను.

తర్వాత ఆయన. పొడుగాటి మనిషి, దక్షిణ సూడాన్,
మెడలో చీటీ మీద పేరు లోకురోన్.
కోటు ఎవరిదో; చేతులు మణికట్టుకి జానెడు ముందే ఆగిపోయాయి.
అందుకుని తగిలించగానే
టప్. టప్.
ఎలుకేమో అనుకున్నాను.
గచ్చు మీద ఎర్రటి జొన్నగింజలు,
ఒక్కోదానికి మొదట్లో నల్ల చుక్క.
జేబుకి చిల్లు.

పైన ఉపన్యాసం మొదలైంది.
గోడలోంచి నాకు మాటలు రావు, మోత వస్తుంది.
ఆకలి అన్నప్పుడల్లా గొంతు కొంచెం కిందికి దిగుతుంది,
దాన్నిబట్టి లెక్కపెట్టుకుంటాను.
పదకొండు దాకా లెక్కపెట్టి
మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మా అమ్మమ్మ డోరాలీచే మరెమ్మా చేలల్లో
కోతలయ్యాక పరిగె ఏరేది.
కామందు గుర్రం దిగకుండా చూస్తూంటే
వంచిన నడుం ఎత్తకుండా,
ఒక వెన్ను, ఇంకో వెన్ను, ఒడిలోకి.
"రాలింది ఎవరిదీ కాదే,
వంగినవాళ్ళది" అనేది.
ఆ వంగడం నాకు రాదనుకున్నాను.
నడుముకి గుర్తుంది.

బెంచీ కింద ఆరు. గొడుగుల తొట్టి వెనక నాలుగు.
తడి బూటు అచ్చులో ఒకటి, అప్పుడే ఉబ్బుతూ.
మొత్తం ఇరవై మూడు.
ఎన్నిటితో బయల్దేరాడో,
విమానంలో ఎన్ని, ట్రాములో ఎన్ని రాల్చుకుంటూ వచ్చాడో.
తినడానికి తెచ్చాడా, చూపించడానికా,
ఊరికే వేళ్ళకి తోడుగానా?

నల్లదారం అయిపోయింది. నీలం ఎక్కించాను.
అమ్మమ్మ కుట్టు: రెండు ముందుకి, ఒకటి వెనక్కి.
గింజలు పోసి, జేబుని పైనుంచి ఒకసారి తట్టాను.

చప్పట్లు. మెట్ల మీద బూట్లు.
సమోవా ఆమె బిళ్ళ బల్ల మీద పెట్టి ఎదురుచూసింది.
నేను లోపలికి, ముప్పై నాలుగో కొక్కెం దాకా వెళ్ళొచ్చి,
"వాన తగ్గింది" అన్నాను.
అంత పెద్దగా నవ్విన ప్రతినిధిని నేను చూళ్ళేదు.

లోకురోన్ కోటు తొడుక్కుని, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు.
రోజూ అవతలికి దూరే వేలు
ఇవాళ దూరలేదు.
నావైపు చూశాడు.
ఆయన భాష నాకు రాదు, నాది ఆయనకి రాదు.
జేబు లోపలి గుడ్డ బయటికి లాగి
నీలం కుట్టుని బొటనవేలితో తడిమాడు,
మా అమ్మమ్మ అయితే బాగులేదని విప్పించేది,
ఆయన మాత్రం జాగ్రత్తగా లోపలికి మడిచి
బయట తడి వెలుగులోకి వెళ్ళిపోయాడు.

దీపాలార్పేటప్పుడు నా ఏప్రను మడతలోంచి రాలింది
ఇరవై నాలుగోది.

దొరికిన వస్తువుల పుస్తకం తీశాను.
నిన్నటి పద్దు: ఎడమచేతి తొడుగు, స్పెయిన్.
మొన్నటిది: కట్టుడు పన్ను, ఎవరూ అడగలేదు.
కింద గీతలో రాశాను,
వస్తువు: గింజ, ఒకటి.
రంగు: ఎరుపు.
ఎవరిది:
అక్కడ కలం ఆగింది. ఆఖరి ట్రాము గంట వినబడింది.
పుస్తకం తెరిచే ఉంచి వచ్చేశాను.