ఐదువందల గింజలు

ఫిరెంజువోలా క్వారీ నుంచి డెల్ఫో
పాత పేపర్లో చుట్టి పంపాడు, అరచేతంత ఇసుకరాయి.
బూడిద రంగు. తడిస్తే నీలం.
"మా ఊరిది, ఇంకెక్కడిదీ కాదు" అని
దానిమీదే పెన్సిలుతో రాశాడు.

కోశాను. గాజుపలకకి అంటించాను.
వెంట్రుకలో సగం మందం మిగిలేదాకా అరగదీస్తే
అప్పుడు రాయి మొండితనం మాని
వెలుతుర్ని లోపలికి రానిచ్చింది.

ఇక లెక్క.
పలకని ఒక్కో అడుగూ జరుపుతూ
గీతల కూడలిలో ఏది పడితే
దాని పేరు పలికి మీట నొక్కాలి.
టక్, క్వార్ట్జ్. టక్, క్వార్ట్జ్.
టక్, ఫెల్డ్‌స్పార్, చారల చొక్కాలో.
టక్, రాతి తునక. ఏదో పెద్ద కొండ కడుపులో
మడతపడ్డ పలకరాయి,
ఇంత దూరమొచ్చినా ఇస్త్రీ కాలేదు.

ఈ క్వార్ట్జ్ ఒక్కసారిగా చీకటిపడదు.
బల్ల తిప్పితే నీడ దానిమీద
ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచిపోతుంది.
ఎప్పుడో గట్టి నొక్కుడు తిన్న గుర్తు.
మా మేనత్త ఇసోలీనా నవ్వూ అంతే,
రెండో చెంపకి చేరేసరికి
మొదటి చెంప ఆరిపోయేది.

మూడువందల పన్నెండో గింజ దగ్గర ఆగాను.
మబ్బుపట్టిన ఫెల్డ్‌స్పారా, మురికి క్వార్ట్జా?
కాఫీ తాగొచ్చాను. అది అలాగే ఉంది.
"తెలియదు" మీట నొక్కాను.
ఆ మీట మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

ఐదువందలు నిండాక
త్రిభుజం గీసి, లోపల చుక్క పెట్టాను.
ఖండం నడుమ కునుకుతీసే పాత నేలల వైపు పడలేదు.
అగ్నిపర్వతాల వరస వైపూ పడలేదు.
రెండు నేలలు గుద్దుకుని పైకి లేచి
లేస్తూ లేస్తూనే రాలిపోయిన చోట పడింది.

ఫోన్ చేసి చెప్పాను:
ఆల్ప్స్ నుంచి ఏరులు దించాయి,
సముద్రం అడుగున బురద పోట్లు మోసుకొచ్చాయి,
నీ క్వారీ అప్పుడు నీళ్ళకింద లోతైన గాడి.
వెనక రంపం మోత ఆగింది.
"అయితే మా తాత నాటినుంచి
మేం అమ్ముకుంటున్నది వాళ్ళ కొండనా?"
"ఇప్పుడున్న కొండ కాదు డెల్ఫో, దాని పైకప్పు.
ఎవరూ ఎక్కని శిఖరం. అక్కడిప్పుడు గాలే."
"మరి ఆ శిఖరం?"
నిన్న ఎన్ని మెట్లు కోశావని అడిగాను.
"పద్నాలుగు. ఫ్లోరెన్స్‌లో ఒక పళ్ళడాక్టరు ఇంటికి."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
"ఆ చుక్క ఎంత ఖాయం?" అన్నాడు.
తెలియని గింజలు లెక్కపెట్టుకున్నాను.
"ఏడు గింజలంత అటూ ఇటూ."
"ఊఁ" అన్నాడు.
రంపం మళ్ళీ మొదలైంది.