కాటా ముల్లు

మసాబా కొండవాలు మీద
మా సంఘం కాటా దగ్గర కూర్చునేది నేనే.
పేరు ఖైంజా. పని,
ముల్లు ఎక్కడ ఆగితే అక్కడి అంకె గట్టిగా చదవడం.
గట్టిగా అంటే, వరుసలో చివరి మనిషికి వినపడేలా.
జీతం అందుకే ఇస్తారు.

మా అమ్మ కాలంలో ముల్లుకి నోరు లేదు,
మొన మాత్రం ఉండేది.
సైకిలు మీద వచ్చే దళారి
కొక్కేనికి బస్తా తగిలించి
అడుగున బొటనవేలు ఆనించి "ముప్పై" అనేవాడు.
తడికి రెండు, తాలుకి రెండు, గోనెకి ఒకటి,
తరుగు తీస్తే ఇరవై అయిదు.
ఆ ఇరవై అయిదుకీ డబ్బు ఎప్పుడో పూత మీదే వాడేసుకున్నాం,
చెల్లెలి మలేరియా మందులకి.
కాఫీ పూలు తెల్లగా విచ్చుకున్న పొద్దున
కొండంతా మల్లెల వాసన వేస్తుంటే
అమ్మ కొంగుతో ముక్కు మూసుకునేది.
"అమ్మేసిన వాసన" అనేది.

ఇప్పుడు పళ్ళు మేమే ఒలుస్తాం, నానబెడతాం, కడుగుతాం.
మంచెల మీద ఆరబోసి
నల్లగింజ, విరుగుడు, పురుగుతిన్నది ఏరి పారేస్తాం.
కంపాలా పోయే లారీకి మేమే ఎక్కిస్తాం.
బయట ధర కూలిపోయిన ఏడు కూడా
మా ధర ఒక గీత కిందికి దిగదు. రాసుకున్న మాట అది.
అంతా బాగుందని చెప్పను.
పండినదాంట్లో సగానికే ఆ ధర పెట్టేవాళ్ళు దొరుకుతారు.
మిగతా సగం
ఇంకా సైకిలెక్కి పోతూనే ఉంది.

ధర మీద అదనంగా వచ్చే సొమ్ము
ఎవరి జేబులోకీ పోదు.
దానికి ఏటా ఒక మీటింగు, మీటింగుకో గొడవ.
ఈసారి గిదుదు, బడికి రేకులన్నాడు.
నాంబోజో, ఏటి మీద కాలివంతెనంది.
"కిందటి వానల్లో కొండ జారినప్పుడు
మా మనవడు అవతలి గట్టున మూడు రాత్రులు..."
ఆ మాట ముగించలేదు.
వోబ్వేని లేచి, డబ్బు పంచేయండి అన్నాడు.
అతని అప్పు సంగతి తెలుసు గనక ఎవరూ నవ్వలేదు.

మూడు కుండలు పెట్టాం. మనిషికో గింజ.
తోట మొగుడి పేరున ఉన్న ఆడవాళ్ళకి కూడానా, అన్నారెవరో.
"మరి ఆ గింజ ఏరిందెవరు?" నా వెనక నుంచి ఒక గొంతు.
ఇచ్చాం.

లెక్క నేనే చదివాను, గట్టిగా.
రేకులు ఎనభై ఎనిమిది.
పంపకం ముప్పై నాలుగు.
వంతెన తొంభై ఒకటి.
వోబ్వేని గింజ ఏ కుండలో పడిందో తెలీదు.
సిమెంటు వచ్చిన రోజు మొదటి బస్తా మాత్రం
అతనే మోశాడు.

రాత్రి తలుపేసి కాటా తుడుస్తాను.
కొక్కేనికి ఒక్క వేలు తగిలించి లాగుతాను, ఊరికే.
ముల్లు కదులుతుంది.
అయిదు కిలోలు.
ఎంత తేలిక!
వేలు తీసేస్తాను.
అది వణికి వణికి
సున్నా దగ్గరికి వచ్చేదాకా నిలబడి
అప్పుడు దీపం ఆర్పుతాను.