ఒడ్డు సంగతి చెప్పొద్దు

మాఘం ఇంకా పోలేదు.
ఆదోని యార్డు గేటు బయట
పత్తి బండ్లు తెల్లారకముందే వరస కడుతున్నాయి.
నేను జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాను.
దసరా నుంచి నేను చదివిందంతా
క్వింటాళ్ళు, కిలోలు, తరుగు, తేమ శాతం,
సంతకం రాని చోట ఒక నీలం వేలిముద్ర.
రాత్రి కళ్ళు మూసుకున్నా
రెప్పల వెనక కాటా అంకెలు
ఎర్రగా మారుతూనే ఉంటాయి.

ఎండకాలమంటే ఊరు ఊరంతా జడుసుకుంటుంది.
లింగమ్మ అప్పుడే కొత్త కడవ తెచ్చి
కిందికి తడి ఇసుక పోసింది.
నేను మాత్రం క్యాలెండరులో ఏప్రిల్ కాగితాన్ని
ముందే ఎత్తి చూసి, మళ్ళీ వదిలేస్తుంటాను,
ఉడుకుతున్న కూర మీద మూత తీసి చూసినట్టు.

ఏప్రిల్‌లో మిల్లు నోరు మూస్తుంది.
బెల్టులు దిగుతాయి.
షెడ్డులో ఇన్నాళ్ళూ పిచ్చుకలున్నాయని
అప్పుడు గానీ తెలియదు.
సగం జీతం, నిండు మధ్యాహ్నం.
అమ్ముడుపోని ఒక బేలు మీద చేరగిలబడి
కాళ్ళు చాపుకుని పుస్తకం తెరుస్తాను.
మీసంలో మిగిలిన పత్తి పోగు
పేజీల మధ్య గుర్తుగా పనికొస్తుంది.

నిరుడు ఇట్లాగే చదువుకుంటుంటే
హమాలీ ఈరన్న, కోసిగివాడు,
బొరుగుల పొట్లం నా పక్కన పెట్టి
"ఏముంది సామీ దాంట్లో, గట్టిగా సదువు" అన్నాడు.
అట్లా మొదలైంది.
మే నెలలో రెండు నవలలు అయిపోయినాయి.
మూడోది ఒక పడవ కథ.
మొగుడి మీద అలిగిన ఆడమనిషి
నడిరేయి ఒక్కతే తెడ్డు పట్టుకుని
ఏటి నడిమికి పోతుంది.
తుంగభద్ర కాలవ తప్ప నీళ్ళెరగని ఈరన్న
బేలు అంచుల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు,
అదే మునుగుతుందేమో అన్నట్టు.

నూట నలభై మూడో పేజీలో
పైన రేకుల మీద చినుకులు పడ్డాయి.
మృగశిర.
ఈరన్న లేచి పంచె దులుపుకుని
విత్తనానికి పోయినాడు.
ఆ తర్వాత కోతలు, ఆ తర్వాత మళ్ళీ పత్తి,
కాటా దగ్గర ఎదురుపడితే ఇద్దరికీ ఊపిరాడని పని.
పుష్యం పోతూనే పెండ్లాం, పిల్లలు, వంట సామానుతో
గుంటూరు మిరపచేల లారీ ఎక్కినాడు.

పుస్తకం శాఖా గ్రంథాలయానిది.
పదిహేను రోజులకొకసారి తీసుకుపోయి
ఖైరున్‌బీ మేడమ్ ముందు పెడతాను.
"ఇంకా కాలేదా?" అని చూపులతోనే అడిగి
మళ్ళీ ముద్ర గుద్దుతుంది.
వెనక అట్ట మీద తేదీలన్నీ నావే.

మొన్న రాత్రి ఫోనొచ్చింది.
మిరప ఘాటుకు మధ్యమధ్య దగ్గుతూ ఈరన్న:
"సామీ, ఆ యమ్మ ఒడ్డు చేరిందా లేదా?
వద్దులే, వద్దులే, ఒడ్డు సంగతి చెప్పొద్దు.
ఉగాదికి వస్తా. నేనొచ్చినాక సదువు.
నువ్వు ముందే సదవలేదు కదా?"
"యాడ సదివేది అబ్బా, తీరికేది?" అన్నాను.

అబద్ధం.
దీపావళి సెలవు రోజే చదివేశాను.
ఒక్క పూటలో, దొంగతిండి తిన్నట్టు,
రుచి కూడా సరిగా తెలియకుండా.
అప్పటి నుంచి ఆ ముగింపు నా ఒక్కడి దగ్గరే ఉంది.
ఎవరితోనూ అనలేక
పంటి కింద రాయిలా పెట్టుకుని తిరుగుతున్నాను.

అందుకే ఇప్పుడు అభ్యాసం చేస్తున్నాను.
తెలిసిన వాక్యాన్ని తెలియనట్టు చదవడం.
ఎక్కడ ఆగాలి,
ఎక్కడ ఈరన్న కంటే ముందు నేనే "అయ్యో" అనకూడదు.
నిన్న రాత్రి అరుగు మీద
నూట నలభై నాలుగో పేజీ గొంతు తగ్గించి చదువుతున్నాను.
వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు
ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఊఁ, ఆ తర్వాత?" అంది లింగమ్మ.

పుస్తకం మూశాను.
"ఎండకాలం రానీ" అన్నాను.
పెనం మీద రొట్టె మాడుతున్న వాసన.
ఇద్దరం లేవలేదు.