లాకు పుస్తకం

ముప్పై ఒక్క ఏళ్లుగా
తెల్లారగట్ల టార్చిలైటు పట్టుకుని
లాకు మెట్లు దిగుతున్నాను.
రాతిగోడ మీద తెల్లరంగు అంకెలు.
నీళ్లు ఏ అంకెని తాకాయో చూసి
పుస్తకంలో రాస్తాను.
ఒక్క అంగుళం తప్పు రాస్తే
దిగువన శివారు చేలు ఎండుతాయి,
లేదంటే మునుగుతాయి.
అందుకే వానలోనైనా వంగి చూస్తాను,
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తాను.

ఆదివారం మాత్రం
అదే చేత్తో, అదే పెన్నుతో
చూడకుండా సంతకం పెట్టాను.

మా పేట మందిరానికి నేను కార్యదర్శిని.
కోశాధికారి నతానియేలు గారు.
మంచి మనిషి. మా అమ్మ పోయిన రాత్రి
వడ్రంగిని లేపి పెట్టె చేయించింది ఆయనే.
అలాంటాయన కాగితం ముందుంచి
"ఇక్కడ బాబూ" అని వేలు పెడితే
వేలు చూశాను, కాగితం చూళ్లేదు.
ఐదేళ్లు. ఐదు సంతకాలు.
'ఇతర ఖర్చులు' అన్న ఒక్క వరస
ఏటేటా కాలవలో గుర్రపుడెక్కలా పెరిగింది.
పైకి పచ్చగానే ఉంటుందది.
కింద నీళ్లు కదలవు.

లూదియమ్మకి చదువు రాదు.
ఊడ్పుల ముఠాకి ఆవిడే మేస్త్రి.
ఎవరెన్ని కట్టలు నాటారో
పుల్లలు విరిచి కొంగున ముడేసుకుంటుంది.
పూటపూటా ఎసట్లో పోసేముందు
ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది, ప్రభువుకని.
అలాంటి కుండలు పేటలో ఇరవై ఏడు.
నెలాఖరు శనివారం గోనె పట్టుకుని
గడపగడపకీ తిరిగేదీ ఆవిడే.

కోతపండగ అయిన మరుసటి వారం
ప్రకటనలు ముగిశాక, దీవెనకి ముందు,
ఆడవాళ్ల వైపు చాప మీంచి లేచింది.
"అయ్యగారండీ, ఒక్క మాట."
ఫ్యాను ఆపితే గాని వినపడలేదు.

"ముందు నా బాకీ చెప్పుకుంటానండి.
పోయిన వరదకి లంకలో పని లేదు.
పందొమ్మిది రోజులు పిడికెడు తియ్యలేదు.
తీశానని అబద్ధమాడాను.
ముప్పై ఎనిమిది పిడికిళ్లు. ఇదిగోండి."
స్టీలు గిన్నె బల్ల మీద పెట్టి
మూత తీసి పక్కన పెట్టింది.

"ఇక మన గోనెల సంగతి చెప్పండి.
అరవై గోనెలు ఈ చేత్తోనే కుట్టాను.
పైకప్పు రేకులకన్నారు.
వానొస్తే ఇప్పటికీ చంటిపిల్లల్ని
మా చాప మీంచి మీ చాప మీదికి జరుపుతున్నాం."

ఎవరో దగ్గారు.
దైవాశీర్వాదం అయ్యగారు బైబిలు మూసి
"దైవసేవకుల్ని ప్రశ్నించడమంటే..." అని
గిన్నె వైపు చూసి ఆగిపోయారు.
"బయట మన సాక్ష్యం చెడుతుందమ్మా"
అన్నాడు ఓ సంఘపెద్ద.
"బయటోళ్లకి ఎప్పుడో తెలుసండి ఆయ్.
మన బియ్యం కొన్న షావుకారు బయటోడేగా."

తర్వాతి మాట నాదని నాకు తెలుసు.
వేసవంతా మూసున్న లాకు తలుపు ఎత్తేటప్పుడు
చక్రం ముందు తిరగదు.
తుప్పు మూలుగుతుంది. ఒంటి బరువంతా వెయ్యాలి.
లేచాను.
"ఐదు సంతకాలూ నావే.
ఒక్క కాగితమూ చదవలేదు."
ఇంకేదో అనాలనుకున్నాను. మోకాళ్లు నిలవలేదు.

నతానియేలు గారు చాలాసేపటికి
"అమ్మాయి ఆపరేషను... తిరిగి పెట్టేద్దామనే..." అన్నారు.
"అడిగితే ఇచ్చేవాళ్లం కదయ్యా" అంది లూదియమ్మ.
జాలిగా కాదు. కోపంగానే అంది.

ఆ తర్వాత రెండు కుటుంబాలు
రావులపాలెం రోడ్డు మందిరానికి మారిపోయాయి.
నతానియేలు గారు వస్తున్నారు,
చెప్పులు విడిచే చోట కూర్చుంటున్నారు,
నెలకి ఎనిమిది వందలు కడుతున్నారు.
ఆయన ముఖం నేనింకా సరిగా చూడలేకపోతున్నాను.
రేకులు ఇంకా రాలేదు.

లాకు దగ్గర మిగిలిన తెల్లరంగుతో
మందిరం లోపలి గోడ మీద
వచ్చినదెంతో పోయినదెంతో
పిల్లలకి అందేంత ఎత్తులో రాస్తున్నాను.
లూదియమ్మ ప్రతి ఆదివారం
ఒక కొత్త పిల్లాణ్ని పిలిచి చదివించుకుంటుంది.
"ఎప్పుడూ ఒక్కడి మాటే ఎందుకు నమ్మాలి?" అంటుంది,
నా వైపే చూస్తూ.