బోలు గోడ

"గోడలో గాలిని దాపెట్టేదేందమ్మా,
ఇటుకలు మిగుల్చుకునే పిసినారితనం కాకపోతే!"
పలమనేరులో గంగులప్ప మేస్త్రీ నవ్వినాడు,
ఇటుకను అంచు మీద నిలబెడతా,
నడుమ బెత్తెడు ఖాళీ వదలతా.

నాకు తెలిసిందల్లా పడమటెండ.
బాడుగింట్లో ఎనిమిదేండ్లు
రాత్రి పదకొండుకు కూడా మంచం తలకట్టు కాలేది,
పిల్లదాని వీపు నిండా చెమటకాయలు.
అందుకే ఆ దిక్కున కిటికీ వద్దన్నాను.
గారలో కరక్కాయ నీళ్ళు కలపమంటే
"మా తాత బతికొచ్చినాడే" అన్నాడు.

అన్నీ కుదిరినాయని కాదు,
ఈశాన్యం మూల ఇంకా చెమ్మే.
కానీ ఏప్రిల్లో
కరెంటు రీడింగు తీసే పిల్లోడు
మీటరును వేలితో రెండుసార్లు కొట్టి చూసి పోయినాడు.

మిగతా కూలికని వచ్చిన గంగులప్ప
మిట్టమధ్యాన్నం గచ్చు మీద
తువ్వాలు పరిచి అట్లే నిద్రపోయినాడు.
లేపబుద్ధి కాలేదు.
ముప్పై ఏండ్లుగా ఇండ్లు కట్టే మనిషి,
ఉండేది రేకుల కింద.

లేచి, లెక్క చూసుకొని,
గడప కాడ ఆగినాడు.
"ఆ మిగిలిన ఇటుకలు
ఎన్నుంటాయమ్మా?
మాకూ
పడమటి గోడే."