రోజుకు నాలుగు సెకన్లు

సెంతిమియేలో ఫ్యాక్టరీ మూతపడ్డాక మూడో చలికాలం.
ఉగెట్ వంటింటి బల్ల మీద రెండు వాచీలు.

ఒకటి తను తీర్చిందే.
వెంట్రుకకన్నా సన్నని స్ప్రింగు,
సెకనుకు ఐదు టిక్కులు.
వెల్లకిలా పెడితే తొందర, నిలబెడితే బద్ధకం,
చలికో తీరు, మణికట్టు వేడికో తీరు.
రోజుకు నాలుగు సెకన్లు తప్పుతుంది.
ఆ నాలుగింటి కోసమే
ముప్ఫయ్యొక్క ఏళ్లు కళ్లు ధారపోసింది.

రెండోది అల్లుడు రెమీ మరిచిపోయి వెళ్లింది.
లోపల ఇసుకకు చుట్టమైన స్ఫటికపు పలుకు,
సెకనుకు ముప్ఫై రెండువేల ఏడువందల అరవై ఎనిమిది వణుకులు.
సగం, అందులో సగం, అలా పదిహేనుసార్లు తెగ్గోస్తే
మిగిలేది ఒకే ఒక్కటి:
ముల్లు ఒక గెంతు.
నెల తిరిగినా
ఆమె వాచీ వారంలో తప్పినంత తప్పదు.

"చలిజ్వరంతో కూడా ఇంత వణకరమ్మా"
అని దాని మీద టీ గుడ్డ కప్పింది.

రాత్రి కీ ఇవ్వడం మరిచింది.
తెల్లారి చూస్తే తన వాచీ
మూడుంబావు దగ్గర ఆగి ఉంది.

కిటికీ తెర లాగింది.
కాఫీ పొంగుతున్నా లేవలేదు.
టీ గుడ్డ అంచు ఒక్కటి ఎత్తి,
అరువడుగుతున్నదానిలా
టైము చూసి
ముల్లు తిప్పుకుంది.